దిగువ మడవ

మా ఇద్దరి పలకలూ ఒకే వడ్రంగి, ఒకే టేకు చెక్క నుంచి, ఒకే రోజు కోశాడు. కోవూరులో మా సెక్షన్ ఆఫీసు వెనక రేకుల కొట్టంలో ఆయన పని చేస్తున్నంత సేపూ నేను పక్కనే నిలబడి చూశాను. పలక పొడవు నాలుగడుగులు. మధ్యలో ఇంగ్లీషు 'వి' అక్షరంలా గండి. దాన్ని కాలవకు అడ్డంగా బిగిస్తే నీళ్ళన్నీ ఆ గండిలోంచే దూకాలి. గండి అడుగు నుంచి నీటి మట్టం ఎంత ఎత్తుందో స్కేలు మీద చూస్తే, ఎంత నీరు పోతోందో పట్టికలో దొరుకుతుంది. రెండు గండ్ల కోణాలూ నేను స్వయంగా కొలిచాను. తేడా లేదు. తరవాతి మూడు నెలల్లో, తేడా పలకల్లోనే ఉంటే బాగుండునని నేను కోరుకున్న రోజులు చాలా ఉన్నాయి.

అవి అరవైలు మొదలైన ఏళ్ళు. పెన్నకు ఉత్తరాన, ఒకే కాలవ మీద ఉన్న రెండు ఊళ్ళను మా నీటిపారుదల శాఖ ఎంచుకుంది. ఎగువ ఊరు నా వంతు. దానికి రెండు మైళ్ళు తూర్పున, సముద్రం వైపు ఉన్న దిగువ ఊరు నా క్లాస్‌మేటుది. ఎండాకాలపు వరి పంట, మేము ఎడగారు అనేది, ఎప్పుడూ నీళ్ళకు కటకటలాడుతుంది. అందుకని ఒక క్యూసెక్కు నీటితో ఏ ఊళ్ళో ఎన్ని ఎకరాలు తడుస్తున్నాయో కొలవమన్నారు. ఆ లెక్కకు మా శాఖలో డ్యూటీ అని పేరు. డ్యూటీ ఎక్కువుంటే ఊరు నీళ్ళు పొదుపుగా వాడినట్టు, తక్కువుంటే పారబోసినట్టు.

మేమిద్దరం టెంపరరీ సూపర్వైజర్లం. సీజను ముగిసేసరికి మాలో ఒకరిని ఉత్తరాదిన ఉన్న నీటి పరిశోధన కేంద్రానికి ఏడాది శిక్షణకు పంపుతామనీ, అతను తిరిగొచ్చాక ఉద్యోగం పర్మనెంటు అవుతుందనీ, రెండోవాడు ఉన్నచోటే టెంపరరీగా ఉంటాడనీ మా ఇంజనీరు గారు మొదటి రోజే చెప్పేశారు. దాచి మాట్లాడడం ఆయనకు అలవాటు లేదు.

ఆ సీటు నాకే రావాలనడానికి నా దగ్గర కారణాల జాబితా ఉండేది. ఒకటి, పాలిటెక్నిక్‌లో హైడ్రాలిక్స్ పేపరులో ఎప్పుడూ నాకే ఎక్కువ మార్కులు. రెండు, నేను ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ గడియారం చూసి రీడింగు తీస్తాను. అతను పొద్దునొకటీ సాయంత్రమొకటీ తీస్తాడు. మూడు, అతని తండ్రి నెల్లూరు మిషన్ బడిలో హెడ్మాస్టరు, అతనికి ఇంకో దారి ఎలాగైనా దొరుకుతుంది. మాది నాయుడుపేట దగ్గర వాన పడితేనే పండే మెట్ట. నాలుగో కారణం కాగితం మీద పెట్టలేదు. అది అతనికి రాకూడదన్నది.

అతన్ని ఇష్టపడకుండా ఉండడం కష్టం. నాకు వచ్చిన మొదటి చిక్కు అదే. టౌనులో పెరిగి, మడిలో కాలు పెట్టి ఎరగనివాడు, దిగువ ఊరికి వెళ్ళిన వారానికే పంచె మోకాళ్ళ పైకి కట్టి పొలం గట్ల మీద పరుగెత్తేవాడు. ఆదివారాలు ఆ ఊరి చిన్న ప్రార్థన మందిరంలో పాడేవాడు. అతను పాడుతుంటే మిగతా కులాల వాళ్ళు కూడా గోడ బయట నిలబడి వినేవారట. అతను బస చేసిన ఇంటి ముసలమ్మ అతను తినేదాకా తాను తినేది కాదట. నేను పంచాయతీ గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద వండుకునేవాణ్ణి. ఆ ఊరి రైతులు అతన్ని 'మా అబ్బయ్య' అనేవారు. మా ఊరి రైతులు నన్ను 'కొలతలాయన' అనేవారు. అందులో తప్పేమీ లేదు, నేను కొలతలాయననే. అయినా అతన్ని అలా ఎవరూ అనరే అని ఉండేది.

మొదటి నెల లెక్కలు పట్టుకుని ఇద్దరం కోవూరు వెళ్ళాం. నా ఊళ్ళో డ్యూటీ యాభై ఎకరాలు. అతని ఊళ్ళో ఎనభై. ఇంజనీరు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏమయ్యా, నీ ఊళ్ళో నీళ్ళు పైరుకు పెడుతున్నారా, బర్రెల్ని కడుగుతున్నారా?" అన్నారు నాతో.

క్లర్కు నవ్వాడు. నా క్లాస్‌మేటు నవ్వలేదు. పైగా, ఎగువ నేలలో ఇసక పాలు ఎక్కువ సార్, నీళ్ళు నిలవవు అని నా తరఫున మాట్లాడాడు. క్లర్కు నవ్వు నేను సాయంత్రానికి మరిచిపోయాను. అతను నా తరఫున మాట్లాడింది ఇప్పటికీ మరవలేదు.

ఆ వచ్చే ఆదివారం, అతను ప్రార్థనలో ఉండే వేళ చూసుకుని, సైకిలు మీద దిగువ ఊరు వెళ్ళాను. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను, స్కేలు అరువు కావాలని. ఎవరూ అడగలేదు. అతని పలక ఏటవాలుగా ఉందేమోనని మట్టపు గొట్టం పెట్టి చూశాను. లేదు. గండి అంచున నాచు పట్టిందేమో చూశాను. లేదు. చివరికి, పలక అడుగునుంచి నీళ్ళు లెక్కలోకి రాకుండా జారిపోతున్నాయేమోనని గట్టు మీద బోర్లా పడుకుని, చేయి నీళ్ళలో భుజం దాకా దించి తడిమాను. మందిరంలోంచి అతని గొంతు వినబడుతోంది. గొంతు బాగుంది. పలక కింద ఒక్క చుక్క జారడం లేదు.

లేచి, చొక్కా పిండుకుని, తిరిగొచ్చి నా ఊరి మీద పడ్డాను.

మా ఊళ్ళో పొలాలకు నీళ్ళు వదిలేది ఒక ముసలి నీరుగంటి. ఊరంతా తాతా అనే పిలిచేది. ఏ కయ్యకు ఎప్పుడు నీళ్ళు పోవాలో, ఏ గట్టు ఎక్కడ తెంచాలో, ఎక్కడ మూయాలో ఆయన చేతిలో పని. కయ్య అంటే మా వైపు వరి మడి. ఆయన్ని వెంటబెట్టుకుని నాలుగు రోజులు ఊరి ఆయకట్టంతా తిరిగాను. నీళ్ళు వృథా అయ్యే చోట్లు పదకొండు దొరికాయి. ఎండ్రకాయల బొక్కలు నాలుగు. బర్రెలు దిగి విరిగిన గట్లు మూడు. ఒక రైతు తన కయ్య నిండాక కూడా మూయడం మరిచిపోయే మడవ, అంటే నీళ్ళు పోవడానికి గట్టులో తెంచే దారి, ఒకటి. తొమ్మిదో నంబరు దగ్గర మాత్రం నేను ఆగిపోయాను.

ఊరి ఆఖరి కయ్య తూర్పు గట్టులో, జమ్ము దుబ్బుల మధ్య, రెండు జానల వెడల్పున ఒక మడవ నోరు తెరుచుకుని ఉంది. నీళ్ళు అందులోంచి దిగి మురుక్కాలవలోకి పోతున్నాయి. ఒడ్డున మట్టి నున్నగా అరిగిపోయి ఉంది, నిన్నో మొన్నో తెంచింది కాదు. చిన్న రేకు అడ్డం పెట్టి కొలిస్తే, ఊరికి వచ్చే నీటిలో దాదాపు మూడో వంతు అక్కడే పోతోందని తేలింది. నాకు దొంగ దొరికినంత సంతోషమైంది.

"అది మూసేది కాదయ్యా" అన్నాడు తాత.

ఎప్పటి నుంచి ఉందని అడిగాను. వాళ్ళ నాయన నాటి నుంచీ ఉందన్నాడు. అయితే అన్నేళ్ళుగా ఇన్ని నీళ్ళు పోతున్నాయన్నమాట అని, ఒక ఎడగారుకు ఎన్ని ఎకరాల నీళ్ళో అక్కడే గుణించి ఆయనకు చెప్పాను. ఆయన నా ముఖం వంక చూసి, వెళ్ళి పార తెచ్చాడు. కర్రలు దిగ్గొట్టి, గడ్డి కుక్కి, బంకమట్టి మెత్తాడు. మంచి పనివాడు. ఒక్క చుక్క కారలేదు. తొమ్మిదో నంబరు పూర్తి అని రాసుకున్నాను.

పది రోజుల్లో మా ఊరి కయ్యలు నిండుగా నిలబడ్డాయి. తూము తలుపును ముందుకన్నా కిందికి దించినా నీళ్ళు చాలుతున్నాయి. నా డ్యూటీ యాభై నుంచి డెబ్బై దాటింది. అదే పది రోజుల్లో అతనిది ఎనభై నుంచి జారుతూ వచ్చి అరవై దగ్గర ఆగింది. అతని కాలవలోకి వచ్చే నీళ్ళు తగ్గలేదు. కింది పొలాల్లో కొన్ని ఎకరాలు ఎండుతున్నాయనీ, ఎండినవాటిని తడిసిన లెక్కలోంచి తీసేశాననీ కాగితం అంచున రాశాడు. తీసేయకపోతే అడిగేవాళ్ళు లేరు. నేనైనా తీసేసేవాణ్ణే. కానీ అలా రాసినందుకు నాకు అతని మీద గౌరవం కలగలేదు, ఆ అరవై అంకెను మాత్రం రెండుసార్లు చదువుకున్నాను. ఆ రోజు కోవూరులో లెక్కలిచ్చి సైకిలు మీద తిరిగొస్తూ ఈల వేశాను. నాకు ఈల వేయడం రాదు.

అది శుక్రవారం. తరవాతి మంగళవారం నేను ఉదయం రీడింగు ముగించి స్కేలు తుడుచుకుంటుంటే తాత వచ్చి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు ఏడు గంటలు.

"నిన్న మా బిడ్డ వచ్చిందయ్యా, దిగువూరి నించి" అన్నాడు.

ఆయన కూతుర్ని దిగువ ఊరికి ఇచ్చిన సంగతి నాకప్పటిదాకా తెలియదు. వాళ్ళ కయ్యల్లో చవుడు తేలుతోందని చెప్పిందట. అది సముద్రం దగ్గరి నేల. పైన తీపి నీళ్ళు నిలబడి ఉన్నంత కాలం ఉప్పు అడుగునే ఉంటుంది. నీళ్ళు ఇంకగానే తెల్లగా పైకొచ్చి వేళ్ళను కాల్చేస్తుంది. పైరు పొట్ట మీద ఉంది, ఇక వెన్ను తీయాలి. మురుక్కాలవ వట్టిపోయింది. ఆ ఊరి కింది పొలాలకు ఆధారం కాలవ నీళ్ళు కావట, ఆ మురుక్కాలవ నీళ్ళేనట. ఏటా ఎడగారుకు ముందు దిగువ ఊరివాళ్ళు ఇంటికొక మనిషి చొప్పున పారలతో వచ్చి, మా ఊరి పైన కాలవలో పూడిక తీసిపోతారు. అందుకు బదులుగా మా ఊరు ఆ మడవను తెరిచి ఉంచుతుంది. కాగితం మీద ఎక్కడా లేదు. దాన్ని మూస్తారని దిగువ ఊరి వాళ్ళ ఊహకే రాదు, అందుకే ఎవరూ పైకొచ్చి చూడలేదు. ఎండలకే కాలవ వట్టిపోయిందనుకుంటున్నారు.

"మూసే రోజే ఎందుకు చెప్పలేదు తాతా?"

"మీరు తెలిసే మూయిస్తుండారనుకున్నా."

"తెలిసి ఎందుకు మూయిస్తాను?"

"ఆ అబ్బయ్యంటే మీకు కడుపుమంట గదయ్యా. ఊరంతా అనుకునే మాటే."

కోపంగా అనలేదు. ఫలానావాడికి పడిశం పట్టిందని చెప్పినట్టు చెప్పాడు. ఎవరికీ తెలియదనుకున్న నా నాలుగో కారణం, కయ్యల్లో కలుపు తీసేవాళ్ళకు కూడా తెలుసు.

"నా చేతుల్తోనే మూసినా. బిడ్డకేమని జెప్పేది?" అన్నాడు తాత. "తీసేదా?" అని అడిగాడు.

"శుక్రవారం దాకా ఆగు" అన్నాను.

ఆయన వెళ్ళాక ఫీల్డు పుస్తకం తీసి అలవాటు ప్రకారం రాశాను. మంగళవారం, ఉదయం ఏడు. దిగువ మడవలో పోయే నీరే దిగువ ఊరికి ఆధారమని నీరుగంటి చెప్పాడు. రాస్తుండగానే లెక్క మొత్తం నా కళ్ళ ముందు విప్పుకుంది. అతని ఎనభైలో నా నీళ్ళున్నాయి. అతని పలక వాటిని చూడలేదు, ఎందుకంటే అవి అతని పలక మీదుగా రాలేదు. నా యాభై వృథా వల్ల వచ్చిన యాభై కాదు, అతని ఎనభై పొదుపు వల్ల వచ్చిన ఎనభై కాదు. రెండు ఊళ్ళనూ కలిపి కొలిస్తే తప్ప ఎవరి అంకెకూ అర్థం లేదు. ఇది తెలిసినప్పుడు నాకు మొదట కలిగింది జాలి కాదు. ఇన్నాళ్ళూ నన్ను కాల్చిన అతని ఘనత నా ఊరి నీళ్ళతో వచ్చిందని తెలిసి కలిగిన సంబరం అది. ఆ తరవాత భయం వేసింది. మడవ తీస్తే నేను మళ్ళీ యాభైకి పడిపోతాను.

బుధవారం, ఒక ముసలాయన మాట ఆధారం కాదనుకున్నాను. గురువారం, మురుక్కాలవను కొలవకుండా ఏదీ మార్చకూడదనీ, కొలవడానికి కావలసిన పెద్ద స్కేలు కోవూరులో ఉందనీ అనుకున్నాను. శుక్రవారం కోవూరు వెళ్ళినప్పుడు స్కేలు అడగలేదు. ఇంజనీరు గారు నా కాగితం చూసి, ఇదీ పని అంటే అన్నారు. వచ్చే శుక్రవారం శిక్షణకు పేరు రాసి పైకి పంపుతున్నానని కూడా అన్నారు. నా క్లాస్‌మేటు ఎండకు నల్లబడి, చిక్కిపోయి ఉన్నాడు. ఎక్కడో తప్పు చేస్తున్నాను సార్, దొరకడం లేదు అన్నాడు. నేను కిటికీలోంచి రోడ్డు మీద వెళ్ళే బండ్లను లెక్కపెట్టాను. శనివారానికి సాకులేవీ మిగల్లేదు. సైకిలు విప్పి తుడిచి, మళ్ళీ బిగించాను. ఆ రోజు తాత రెండుసార్లు నా గది ముందు నుంచి నడిచి వెళ్ళాడు.

ఆదివారం ఎండ ఎక్కే వేళకు నా క్లాస్‌మేటు నా గదికి వచ్చాడు. ప్రార్థనకు వెళ్ళలేదని చూడగానే తెలిసింది.

"ఒరే, ఒకసారి వచ్చి నా పలక చూడరా. ఎక్కువ చూపిస్తా ఉండాదేమో. నేను పదిసార్లు చూసుకున్నా, నాకు చిక్కలా. లెక్కలో నువ్వు తప్పు చెయ్యవు" అన్నాడు.

వెళ్ళాను. రెండు గంటలు పట్టింది. నేను మునుపే దొంగతనంగా చూసి ఉన్న పలకను మళ్ళీ మొదటి నుంచీ చూశాను. అతను పక్కన కూర్చుని నేను అడిగిందల్లా అందించాడు. ప్రతి కొలతకూ నా ముఖం చూశాడు, జబ్బు మనిషి డాక్టరు ముఖం చూసినట్టు. పలక సరిగ్గా ఉంది.

తరవాత కింది పొలాలు చూపించాడు. పదకొండు కయ్యలు. నేల బీటలిచ్చింది. గట్ల మొదట్లో తెల్లటి గీత, పళ్ళేనికి అంచులా, చుట్టూ ఒకే ఎత్తున. పైరు అడుగాకులు ఎర్రబడి ముడుచుకున్నాయి. ఒక ఆమె మంచినీళ్ళ బావి నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి, దుబ్బు దుబ్బుకూ దోసిలితో పోస్తోంది. తాత ముఖమే. ఎన్ని బిందెలైతే ఒక కయ్య తడుస్తుందో నేను లెక్కగట్టాను, వద్దనుకున్నా ఆగలేదు. ఆమె నా వైపు చూడలేదు.

"నీళ్ళెప్పుడొస్తాయి అబ్బయ్యా?" అని అతన్ని అడిగింది.

"వస్తాయిలే అక్కా" అన్నాడు. అని, నన్ను చూశాడు. నా వల్లనే వస్తాయని అతను ఎలా నమ్మాడో నాకు తెలియదు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. పలకలో తప్పు లేదు, రేపు సాయంత్రం దాకా చూడు అని మాత్రం చెప్పి సైకిలెక్కాను.

సాయంత్రం ఆరు గంటలకు తాతా నేనూ మడవ తీశాం. ఆయన్ని పిలవడానికి ఇంటికి వెళితే, అప్పటికే పార భుజాన పెట్టుకుని వాకిట్లో ఉన్నాడు. మట్టి గట్టిపడిపోయింది. ఆయన తవ్వాడు, నేను గడ్డీ కర్రలూ పీకాను. నీళ్ళు మొదట సన్నగా, తరవాత మొత్తంగా జమ్ములోకి దిగాయి. రీడింగు ఆలస్యమైంది. ఎంత ఆలస్యమైందో రాశాను. మడవ తీసిన వేళ కూడా రాశాను.

సోమవారం సాయంత్రం అతను మురుక్కాలవలో నడుస్తూ వచ్చాడు. నీళ్ళు తన పొలాల్లోకి రాగానే, ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దామని వాటికి ఎదురు నడిచాడట, రెండు మైళ్ళు, మోకాలి లోతు బురదలో. మడవ దగ్గర నన్ను చూసి ఆగాడు. మడవనూ, పక్కన పడేసిన గడ్డినీ, కర్రలనూ చూశాడు. ఒక నిమిషం కూడా పట్టలేదు.

"అంటే నీ ఊళ్ళో పోయేవి నా ఊళ్ళో పారేవి. మనిద్దరిదీ ఒకటే లెక్కరా" అన్నాడు. అని పెద్దగా నవ్వి, ఇక్కడ మూడో పలక పెట్టాలి, ఈ మూడింటినీ కలిపి రాయాలి, రేపే వడ్రంగి దగ్గరికి పోదాం అని ఒకటే మాట్లాడాడు. నేను రోజుల తరబడి దాచుకుని కూర్చున్నదాన్ని అతను తడి కాళ్ళతో నిలబడి అందరిదీ చేసేశాడు. తన ఎనభై పోతుందన్న ఆలోచన అతనికి వచ్చిందో లేదో తెలియదు. వచ్చినా ముఖంలో కనబడలేదు. ఆ క్షణాన అతని మీద నాకు కలిగినంత అసూయ ముందెప్పుడూ కలగలేదు. మార్కుల మీద కలగలేదు, గొంతు మీద కలగలేదు.

"ఎప్పుడు కనిపెట్టినావు?" అని అడిగాడు.

"నిన్న" అన్నాను.

ఆ వారమంతా మూడో పలక పని. అతను మడవ దగ్గరే ఎక్కువ ఉండేవాడు, తాతతో కబుర్లు చెబుతూ. ఎండిన పదకొండు కయ్యల్లో తొమ్మిది తేరుకున్నాయి. రెండు తేరుకోలేదు. వాటిలో ఒకటి తాత కూతురిది.

శుక్రవారం ఇంజనీరు గారి ముందు అతనే మాట్లాడాడు. కాలవలూ పొలాలూ బొమ్మ గీసి, రెండు ఊళ్ళూ కలిపితే వచ్చే డ్యూటీ ఎంతో చూపించాడు. మేము ఒక్కొక్కరం రాసిన లెక్కలు రెండూ తప్పేనని తేల్చి చెప్పాడు. ఇంజనీరు గారు కళ్ళద్దాలు తీసి, ఇది ఎవరు పట్టుకున్నారు అని అడిగారు.

"వీడే సార్. నేను పలకల చుట్టూనే తిరుగుతా ఉంటే వీడు నీళ్ళెంబడి పోయినాడు" అన్నాడు నా క్లాస్‌మేటు.

ఇంజనీరు గారు లేచి నిలబడి నా భుజం తట్టారు. పై ఆఫీసుకు ఉత్తరంతో పాటు నా ఫీల్డు పుస్తకం కూడా పంపుతానన్నారు. మడవ సంగతి ఏ రోజు, ఎలా తెలిసిందో నా చేతి రాతలో ఉంటే పైవాళ్ళకు నమ్మకం కుదురుతుంది, అది ఇవ్వు అన్నారు.

పుస్తకం నా సంచీలో ఉంది. ఆ పుస్తకాల పేజీలకు అచ్చు నంబర్లుంటాయి, ప్రతి పేజీకీ ఆఫీసు ముద్ర ఉంటుంది. చించలేను, మార్చలేను. మంగళవారం ఉదయం ఏడుకు తెలిసిందని ఒక పేజీలో ఉంది, ఆదివారం సాయంత్రం ఆరుకు తీశామని నాలుగు పేజీల తరవాత ఉంది. ఆ రెంటి మధ్య నా డెబ్బైలు వరసగా ఉన్నాయి.

"కాలవలో పడి తడిసిపోయింది సార్. సిరా కారిపోయింది" అన్నాను.

పుస్తకం తడుపుకునే మనిషిగా నేను అక్కడ ఎవరికీ తెలియదు. ఇంజనీరు గారు నన్ను కాసేపు చూసి కూర్చున్నారు. కళ్ళద్దాలు పెట్టుకున్నారు. అయితే నీది ఉందా అని అతన్ని అడిగారు. అతనిది ఉంది. నెలాఖరుకు అతని పేరు మీద ఆర్డరు వచ్చింది.

అతను వెళ్ళే రోజు కోవూరు బస్టాండు దాకా వెళ్ళాను. వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదో అందరికీ అర్థమయ్యేది. దిగువ ఊరి నుంచి ముసలమ్మా, రైతులూ బండి కట్టుకుని వచ్చారు. వాళ్ళు అతని పెట్టె బస్సు పైకి ఎక్కిస్తుంటే అతను నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"పుస్తకం తడవలేదు గదరా" అన్నాడు.

"లేదు."

"తాత జెప్పినాడు. మడవ కాడ పలక బిగించే రోజే జెప్పినాడు."

అంటే శుక్రవారం నాడు ఇంజనీరు గారి ముందు నా పేరు చెప్పినప్పుడు అతనికి అంతా తెలుసు. తెలిసే చెప్పాడు. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే అతని కన్నా నేను ఏదో ఒక దాంట్లో మేలనుకోవడానికి దారి దొరికేది. అదీ లేకుండా చేశాడు.

"ఆరు దినాలు ఆలోచించినావంటనే" అన్నాడు మెల్లగా. నా భుజం మీద చేయి వేశాడు.

"ఐదున్నర" అన్నాను.

అతను ఫక్కున నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ, నన్ను గట్టిగా పట్టుకుని ఊపి వదిలి బస్సెక్కాడు. నేను హాస్యానికి అనలేదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి అతనికి ఉత్తరం రాసి చెబుదామని రెండుసార్లు కూర్చున్నాను.